కాగితేనే తలుపు తీస్తాను

నేను ఒక థర్మోస్టాట్‌ని. పేరు వినగానే మొహం అలా పెట్టకండి. ఇంజన్ నుంచి రేడియేటర్‌కి వెళ్ళే లావుపాటి రబ్బరు గొట్టం మొదట్లో, అరచేతిలో పట్టేంత ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. అదే నేను. తలుపు కాయడం నా పని. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు లోపలి నీళ్ళని రేడియేటర్ వైపు పోనివ్వను. వేడెక్కిందంటే నా పొట్టలోని మైనం కరిగి ఉబ్బుతుంది, తలుపు తెరుచుకుంటుంది, నీళ్ళు వెళ్ళి చల్లబడి వస్తాయి. ఒకరు చెప్పేదీ లేదు, నేను వినేదీ లేదు.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో ఒకావిడ ఉండేది. మమ్మల్ని ఒక్కొక్కరినీ కొక్కేనికి తగిలించి వేడినీళ్ళలో ముంచి చూడడమే ఆవిడ ఉద్యోగం. వేళకి తెరుచుకోనివాళ్ళు పక్కనున్న బుట్టలో పడేవారు. వాళ్ళని చూస్తే నాకు జాలేసేది, అంతకు మించి భయమేసేది. నా వంతు వచ్చింది. నీళ్ళలో మునిగాను, ఒళ్ళు వేడెక్కింది, తలుపు తీశాను. ఆవిడ తల చిన్నగా ఊపింది. నా జన్మకి అదే సర్టిఫికెట్. ఇప్పుడు అలా ముంచి చూసేవాళ్ళు లేరంటున్నారు. ముందు డబ్బా అచ్చు వేసి, తర్వాత అందులోకి సరుకు వెతుక్కుంటారట. ముసలాళ్ళ మాటలే ఇవి, అయినా అనకుండా ఉండలేను.

నన్ను ఒక సర్కారు జీపులో బిగించారు. దొరగారు ఎక్కితే నడిచేది, లేకపోతే చెట్టు నీడన నిద్రపోయేది. వయసు మళ్ళాక వేలం వేస్తే నర్సీపట్నం వరహాలు కొనుక్కున్నాడు. అసలు బతుకు అక్కడ మొదలైంది. వరహాలు లంబసింగి ఘాట్ మీదుగా చింతపల్లికి జనాన్ని చేరవేసేవాడు. సంతరోజున మనుషులు, మేకలు, పనసపళ్ళు, పొరుగూరి తగాదాలు, అన్నీ ఒకే జీపులో ఎక్కేవి. ఘాట్ ఎక్కడమంటే వేడి, దిగడమంటే చలి. నా తలుపుకి తీరిక ఉండేది కాదు. అంత సుఖంగా నేను ఎప్పుడూ లేను.

ఒక ఎండాకాలం వరహాలు రేడియేటర్లో నీళ్ళు పోయడం మర్చిపోయాడు. జీపు ఘాట్లో పొగలు కక్కింది. నీళ్ళు మర్చిపోయింది అతను, నేరం పడింది నా మీద. మెకానిక్ గవర్రాజు నన్ను ఊడబెరికి వెలుతురులో పెట్టి చూశాడు.

"మన ఎండలకి ఇదెందుకు బావా? చలి దేశాలోళ్ళ కోసం సేసిన వస్తువిది. తీసి పారేస్తే నీళ్ళు సులువుగా తిరుగుతాయి."

మన దేశంలో నా జాతికి ఈ గతి పట్టని ఊరు లేదనుకుంటాను. కాపలావాడు కనిపిస్తే చాలు, ఈ తలుపెందుకని అడుగుతారు. నన్ను తీసేశాక జీపు ఎంతకీ వేడెక్కేది కాదు. లంబసింగి మంచులో నల్లపొగ చిమ్ముతూ, దగ్గుతూ, డీజిల్ మంచినీళ్ళలా తాగేది. వరహాలు మళ్ళీ దుకాణానికి వెళ్ళి కొత్త థర్మోస్టాట్ తెచ్చాడు. డబ్బా మీద రంగురంగుల బొమ్మలు, మెరిసే స్టిక్కరు. అది పెట్టిన రోజునే ఘాట్ సగంలో జీపు కుతకుత ఉడికింది. తలుపు తెరుచుకుంటే కదా. ఇంకొకటి తెచ్చాడు, అది తెరుచుకుంది గానీ మూసుకోవడం మర్చిపోయింది. మరొకటి ఏ పూటకెలా ఉంటుందో దానికే తెలిసేది కాదు. కొత్తది కదా, తప్పు దానిదై ఉండదని ఒకసారి గొట్టం మార్చారు, ఒకసారి పంపు మార్చారు. వేపమండలు కట్టి నిమ్మకాయలు కూడా వేలాడదీశారు.

నేను ఇవన్నీ వరహాలు పెరట్లోంచి విన్నాను. అతని భార్య చినతల్లి నన్ను పెంటకుప్ప మీదికి పోనివ్వలేదు. నీళ్ళు కాచే గుండిగ మూతకి పిడి ఊడి చిల్లు పడితే, నన్ను ఆ చిల్లులో దిగేసింది. మైనం ఉన్న నా పొట్ట లోపలి ఆవిరిలోకి వేలాడేది. నీళ్ళు కాగగానే తలుపు తీసేదాన్ని, నాలోంచి ఆవిరి సుయ్యిమనేది, ఆవిడ పొయ్యి ఎగదోయడం ఆపేది. ఇంజన్‌కి కాపలా కాసినదాన్ని స్నానాల నీళ్ళకి కాపలా పడ్డాను. మొదట్లో చిన్నతనంగా ఉండేది. తర్వాత ఆవిడ నమ్మకం చూసి, పెద్ద ఉద్యోగమే అనిపించింది.

ఇంతలో వరహాలు మేనకోడలు పావని పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతుర్ని చేసేది మేనమామ వరహాలు ఇంట, పెళ్ళి మాత్రం చింతపల్లిలో, మగపెళ్ళివారింట. పావని చిన్నప్పటి నుంచీ, పెళ్ళికూతుర్నై మావఁ జీపులోనే వెళ్తానని అందరితో చెబుతూ వచ్చింది. వరహాలుకి ఆ మాటంటే ప్రాణం. అయితే పెళ్ళి ముందురోజు జీపు మళ్ళీ ఉడికింది. మగపెళ్ళివారు పెద్ద ఏసీ కారు పంపుతామని కబురు పెట్టారు. పెళ్ళినాటి పొద్దున వరహాలు పెరట్లోకి వచ్చి, చినతల్లి ఎదుట తల వంచుకు నిలబడ్డాడు.

"కారు పంపమని సెప్పేస్తానే. ఘాట్లో పొగలొస్తే పిల్ల పరువు పోద్ది."

"పిల్ల ఏటంటాదో?"

"అది ఏటీ అన్నేదు. అందుకే బాధగుంది."

పెళ్ళికూతురి మంగళస్నానానికి గుండిగ పొయ్యి మీద ఉంది. అప్పుడే నీళ్ళు కాగాయి, నేను తలుపు తీశాను. చినతల్లి నా వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. లోపలికి వెళ్ళి, జీపులోంచి తీసి మూలన పడేసిన కొత్త థర్మోస్టాట్లన్నీ కొంగులో వేసుకొచ్చింది. ఒకదాన్ని తాడుకి కట్టి నీళ్ళలో దించింది.

అది కదల్లేదు. నీళ్ళు తెర్లుతున్నా రాయిలా ఉంది. ఇంకొకటి దించితే, అది ముందే తెరిచిన నోరు మూయలేదు. పసుపు నూరుతున్న ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. ఒకావిడ, ఇది మా ఆయనలాగే ఉంది, పిలిచినా పలకదు అంది. ఇంకొకావిడ, అయితే నోరు మూయనిది మా అత్త అంది. అక్కడే ఉన్న అత్త కూడా నవ్వింది. పసుపు ఒళ్ళంతా పూసుకుని కూర్చున్న పావని పీట మీంచి లేచొచ్చి తొంగిచూసింది. ఆఖర్న చినతల్లి నన్ను మూతలోంచి తీసి, చల్లటి నీళ్ళలో వేసింది. మూసుకున్నాను. గుండిగలో దించింది. ఫ్యాక్టరీలో నాకు వేసిన భయమే మళ్ళీ వేసింది. ఒళ్ళు వేడెక్కింది, తీశాను. పెరడంతా నవ్వులతో గొల్లుమంది.

పెళ్ళి పనులకి వచ్చిన గవర్రాజు కొత్త చొక్కా చేతులు మడుచుకుంటూ ముందుకొచ్చాడు.

"ఇది పాడవనేదా బావా? అయితే ఎందుకు పీకేను?"

"ఆ సంగతి నీకే తెలాలి," అంది చినతల్లి. "ఇప్పుడు పెట్టు. మూతకి ఆ కొత్తోటి ఏసుకుంటాను, దాని సదువుకి అదే ఎక్కువ."

మధ్యాహ్నం బయల్దేరాం. ఘాట్ మొదట్లో వరహాలు గేరు మార్చి, వేడి చూపించే ముల్లు మీద ఒక కన్నేసి ఉంచాడు. ఈ జీపు సంగతి తెలిసిన చుట్టాలు ఎవరికి వారే ఒక సీసాతో నీళ్ళు తెచ్చుకున్నారు, తాగడానికి కాదు, రేడియేటర్‌కి. మలుపు మలుపుకీ సీసాలు పైకి లేచేవి, మళ్ళీ ఒళ్ళోకి దిగేవి. లోపల ఇంజన్ మండుతోంది, నేను తలుపు బార్లా తీసి నీళ్ళని పంపుతున్నాను. ఇన్నాళ్ళ ఆవిరి బతుకు తర్వాత నా ఆనందం నాకే కొత్తగా ఉంది. సగం ఎక్కాక ఎవరో పాట అందుకున్నారు. పైకి చేరేసరికి దాహం వేసి, రేడియేటర్ వాటా నీళ్ళన్నీ వాళ్ళే తాగేశారు.

చింతపల్లిలో మేళం ఎదురొచ్చింది. హారతిచ్చారు, దిష్టి తీశారు. ఆ ఎర్రనీళ్ళు కొన్ని జీపు చక్రాల మీద కూడా పడ్డాయి. వరహాలు బానెట్ మీద చెయ్యి వేసి, "బాగా తెచ్చేవమ్మా" అన్నాడు. మెప్పంతా జీపుకే వెళ్ళింది. ఫర్వాలేదు, మనుషులకి లోపలిది కనపడదు.

తెల్లారి పెళ్ళి అయిపోయాక పెద్దలు తర్వాతి ముచ్చట్లు మాట్లాడుకుంటున్నారు. పెళ్ళికొడుకు తండ్రి మంచివాడు, ఆప్యాయంగానే అన్నాడు.

"పుట్టింటికి తొలిసారి ఎల్లేటప్పుడు మాత్రం మా కారు తీస్తామండి. పాత జీపుని మళ్ళీ ఘాటెక్కించడం ఎందుకు?"

వరహాలు అవునని అనబోయాడు. పావని అత్తవారింట అంతదాకా నోరు విప్పలేదు. తల వంచుకునే ఉంది.

"మావఁ వస్తాడండి," అంది. "నాను జీపులోనే ఎల్తాను."

వాకిట్లో ఇంజన్ ఆపి చాలాసేపైంది. నేను చల్లబడి తలుపు వేసుకున్నాను. అయినా ఆ మాట నాకు వినపడింది.