వెనకాల గోల

“వెనకాల గోలంతా తీసేసి మంచి పాటొకటి పెట్టు. అంతే కదా!” అన్నారు నాన్న, పెన్‌డ్రైవ్ నా చేతిలో పెడుతూ. అప్పటికి నా చేతులకు అంట్ల తడి కూడా ఆరలేదు.

మా ఇంట్లో ఆడవాళ్ళకు చెప్పే ప్రతి పనికీ ఈ ‘అంతే కదా’ తోకలా అతుక్కుని వస్తుంది. నలుగురే వస్తున్నారు, కాస్త వంట చెయ్యి, అంతే కదా. చొక్కా గుండీ ఊడింది, రెండు కుట్లు వెయ్యి, అంతే కదా. అమ్మ బట్టల దుకాణంలో రోజంతా మిషన్ మీద కుట్టి, ఇంటికొచ్చి మళ్ళీ ఆ రెండు కుట్లూ వేస్తుంది. చెప్పినవాళ్ళకు పని అక్కడితో అయిపోతుంది. చేసేవాళ్ళకు అక్కడే మొదలవుతుంది.

ఆదివారం నాన్నమ్మ పుట్టినరోజు. చుట్టాలందరూ వస్తున్నారు. మా చిన్నప్పటి నుంచి ఇంట్లో తీసిన వీడియోలన్నీ ఒకదానికొకటి అతికించి, కింద ఒక పాట పెట్టి, హాల్లో టీవీలో వెయ్యాలని నాన్న కోరిక. లాప్‌టాప్ అన్నయ్యది కాబట్టి పని కూడా అన్నయ్యదేనని, నేను పక్కనుండి సాయం చేస్తానని అనుకున్నారు. “మావాడు సినిమా తయారుచేస్తున్నాడే” అని మేనత్తకు ఫోన్‌లో చెప్పేశారు కూడా. అన్నయ్య ఒక్క సాయంత్రం కూర్చున్నాడు. ఆవలించాడు. “ఒసేయ్, నీకు ఓపిక ఎక్కువ కదా” అని లాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టి ఆటకు పోయాడు. నేను ఎదురు చెప్పలేదు. నేను ఎవరికీ ఎదురు చెప్పను. మేనత్త నన్ను ‘మూగమొద్దు’ అంటుంది. ముద్దుగానే అంటుందట.

పాట కూడా మేనత్తే పంపింది. ఫోన్‌లో చక్కగా పాడింది కానీ, వీడియోలు అతికించే ఆ చిన్న సాఫ్ట్‌వేర్‌లోకి లాగితే వెనక్కి తోసేసింది. ఈ రకం ఫైలు నాకు పనికిరాదు పొమ్మంది. అన్నయ్యను పిలిస్తే వచ్చి, ఫైలు పేరు చివర ఉన్న అక్షరాలు చెరిపేసి, అక్కడ ‘ఎంపీత్రీ’ అని కొట్టి, “చూశావా, చిటికెలో పని” అని వెళ్ళిపోయాడు. మళ్ళీ లాగాను. మళ్ళీ తోసేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉప్పు డబ్బా మీద పంచదార అని చీటీ అంటిస్తే ఉప్పు తియ్యగా అవుతుందా? మా పల్లె బడిలో ఉన్నది ఒక్కటే కంప్యూటర్. మగపిల్లలు దాని చుట్టూ మూగితే మేం వాళ్ళ భుజాల సందులోంచి చూసేవాళ్ళం. అయినా మేడమ్ చెప్పిన ఆ ముక్క నాకు గుర్తుంది: పేరు మారిస్తే చాలదు, లోపల ఉన్నదాన్నే మార్చాలి. అలా మార్చడానికి వేరే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దాన్ని వెతికి, దించుకుని, పాటను మార్చి, మళ్ళీ లాగితే ఈసారి బుద్ధిగా వెళ్ళి వీడియోల కింద ఆకుపచ్చ పట్టీలా పరుచుకుంది.

“పాట ఎక్కింది!” అని హాల్లోకి కేకేశాను.

“శభాష్‌రా!” అన్నారు నాన్న, అన్నయ్యతో.

ఇక మిగిలింది గోల తియ్యడం. ప్రతి వీడియో పక్కనా చిన్న స్పీకర్ బొమ్మ ఉంటుంది. దాని మీద నొక్కితే అడ్డంగా ఒక గీత పడి, ఆ వీడియో నోరు మూతపడుతుంది. నొక్కబోతూ ఆగాను. ఇంతగా తిడుతున్నారు కదా, అసలు ఆ గోలేమిటో ఒకసారి విందామనిపించింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.

మొదటిది నేను నడక నేర్చుకుంటున్న వీడియో. బొమ్మలో నాన్న చేతులు చాపి కూర్చున్నారు. నాన్నమ్మ ఉంది, అన్నయ్య ఉన్నాడు. అమ్మ లేదు. కానీ చెవుల్లో అమ్మే ఉంది, అందరికంటే దగ్గరగా, ఊపిరి మెడకు తగులుతుందేమో అన్నంత దగ్గరగా. “రా తల్లీ, రా! ఇంకొక్క అడుగు! అయ్యో, పడ్డావా? పడితే ఏం, మళ్ళీ లేస్తావు!” అంటూ పకపకా నవ్వుతోంది. అమ్మకు అలాంటి నవ్వు ఉందని నాకు తెలియదు. నాకు తెలిసిన అమ్మ నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటుంది. అప్పుడు అర్థమైంది. కెమెరా ఎప్పుడూ అమ్మ చేతిలోనే ఉంటుంది. “మిషన్ కుట్టే చెయ్యి, వణకదు, నువ్వే తియ్యి” అని నాన్న ఇప్పటికీ అంటారు. తీసే మనిషి బొమ్మలో పడదు. గొంతు మాత్రం పడుతుంది.

వరసగా అన్నీ విన్నాను. అన్నయ్య సైకిల్ తొక్కే వీడియోలో అమ్మ ఏదో అని నవ్వుతుంటే, నాన్న కెమెరా వైపు తిరిగి, “నీ గొంతే పడుతోంది. నోరు మూసుకుని తియ్యవే” అన్నారు. బొమ్మ ఒక్కసారి ఊగింది. వణకని ఆ చేతిలో ఊగింది. ఆ తర్వాతి వీడియోల్లో అమ్మ మాటలు తగ్గిపోయాయి. “ఇటు చూడండి.” “కాస్త జరగండి అత్తయ్యా.” ఇంకొంతకాలానికి అవీ లేవు. ఒకే ఒక్కదాంట్లో కెమెరా నాన్న పట్టుకున్నారు. అందులో అమ్మ చెయ్యి ఉంది, గ్లాసుల పళ్ళెంతో. “అడ్డం రాకు, పక్కకు జరుగు” అన్నారు, చెయ్యి జరిగిపోయింది. పోయినేడు తీసినదాంట్లో అమ్మ ఊపిరి ఒక్కటే వినపడింది.

స్పీకర్ బొమ్మ మీద ఉన్న నా వేలు కదల్లేదు. జవాబు తెలిసి కూడా నేను క్లాసులో చెయ్యి ఎత్తను. అది నా సిగ్గు అనుకునేదాన్ని. మాట మింగి ఊపిరి మాత్రం వదిలే ఆ విద్య నాకు ఎక్కడ అబ్బిందో ఇప్పుడు తెలిసింది. ఇన్ని వీడియోల్లో మా అమ్మ ఉన్నది ఆ గోలలోనే. దాన్నే తీసెయ్యమంటున్నారు. అంతే కదా!

వంటింట్లోకి వెళ్ళి అమ్మను పిలిచాను.

“పొయ్యి మీద పాలున్నాయే.”

“ఒక్క నిమిషం అమ్మా.”

చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, మంచం అంచున సగం కూర్చుంది, ఎప్పుడైనా లేవడానికి వీలుగా. ఇయర్‌ఫోన్ ఒకటి అమ్మ చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టి మొదటి వీడియో వేశాను. అమ్మ కాసేపు విని, కనుబొమలు ముడిచింది.

“ఎవరే, అలా నవ్వుతోంది?”

“నువ్వేనమ్మా.”

“ఛ! నేనింత గట్టిగా నవ్వుతానా?”

సైకిల్ వీడియో వేశాను. నాన్న మాట వచ్చింది. అమ్మ ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

“తీసెయ్. చుట్టాల ముందు ఎందుకు?”

నేను మౌస్ పట్టుకున్నాను.

“ఆగు,” అంది అమ్మ. “ఆ మొదటిది ఇంకోసారి పెట్టు.”

పెట్టాను. పాలు పొంగి పొయ్యి మీద మాడుతున్న వాసన వచ్చింది. “ఏమే, పాలు!” అని హాల్లోంచి నాన్న అరిచారు. అమ్మ ఇప్పుడు మంచం మీద పూర్తిగా కూర్చుంది. అది అయిపోయేదాకా లేవలేదు.

లేచాక అంది: “ఉండనీ. ఎవరైనా అడిగితే ఫైలేదో టీవీకి సరిపడలేదు, పాట పోయింది అని చెప్పు. తప్పు టీవీ మీదకు తోసేస్తే ఎవరూ ఏమీ అనరు.”

అమ్మకు ఇలాంటి నెపాలు చాలా వచ్చు. బస్సు దొరకలేదు. తలనొప్పిగా ఉంది. కుక్కర్ మూత సరిగా పట్టలేదు. అసలు కారణం చెబితే వినేవాళ్ళు లేని ఇంట్లో నెపాలే మాట్లాడతాయి. అమ్మ వెళ్ళాక ఆకుపచ్చ పట్టీని పట్టుకుని బయటికి లాగి వదిలేశాను. దాన్ని లోపలికి ఎక్కించడానికి ఎంత తిప్పలు పడ్డానో గుర్తొచ్చి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆదివారం హాలు నిండింది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది, చేతిలో గరిటెతో. టీవీలో నేను తప్పటడుగులు వేస్తుంటే అమ్మ నవ్వు హాలంతా మోగింది.

“ఎవరే ఆ నవ్వేది?” అంది నాన్నమ్మ.

“వదినేనమ్మా!” అంది మేనత్త, తనే నమ్మలేనట్టు.

ఒకరిద్దరు గుమ్మం వైపు తిరిగి చూశారు. అమ్మ గరిటెను వెనక్కి దాచుకుంది. ఆ తర్వాత సైకిల్ వచ్చింది, టీవీలో నాన్న గొంతు వచ్చింది. నీ గొంతే పడుతోంది, నోరు మూసుకుని తియ్యవే. అంత పెద్ద టీవీలో ఆ మాట కూడా అంత పెద్దగానే వినపడింది. ఎవరో దగ్గారు.

“ఏరా, పాటేది?” నాన్న అన్నయ్య మీద విరుచుకుపడ్డారు. “పాట పెట్టమన్నానా లేదా?”

“నాకేం తెలుసు? చేసిందంతా అది!” అన్నాడు అన్నయ్య, నన్ను చూపిస్తూ. ఆ పని నేను చేశానని మా ఇంట్లో ఒప్పుకోవడం అదే మొదలు.

హాలంతా నా వైపు తిరిగింది. గుమ్మంలోంచి అమ్మ కళ్ళతోనే చెబుతోంది, చెప్పవే, సరిపడలేదని చెప్పు. ఆ మాట నా నోటిదాకా వచ్చింది కూడా. చెబితే అందరూ నమ్ముతారు. టీవీని తిట్టి, కేకు కోసి, తినేసి వెళ్ళిపోతారు.

లేచి నిలబడ్డాను.

“పాట పోలేదు నాన్నా,” అన్నాను. “నేనే తీసేశాను.”