వెన్ను కింద చెయ్యి

కోరా ఆ కాలేజీలో ఇంకా ఒక్క పాఠం వినలేదు, అప్పుడే సగం పాఠాల నుంచి మినహాయింపు సంపాదించేసింది. హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పరీక్షలు రాసి కాలిక్యులస్ దాటేసింది, ఫిజిక్స్ దాటేసింది, కెమిస్ట్రీ దాటేసింది. చివరికి వ్యాసరచన కూడా వదల్లేదు. అందరూ భయపడి చచ్చే మొదటి సంవత్సరం ఇంజనీరింగ్, ఆ పిల్లకి ఎక్స్‌ప్రెస్ రైలు ఆగని స్టేషన్.

ఇంత ఆత్రం ఒకే ఒక్క కోర్సు కోసం. దాని పేరు గాలి సొరంగం. గదంత గొట్టంలోకి గాలి తోలి, మధ్యలో విమానం రెక్క నిలబెట్టి, సన్నగా పొగ వదిలి, గాలి ఎటు తిరిగి ఎటు పోతుందో కళ్లారా చూస్తారు. కోరాది పశ్చిమ కాన్సస్. అక్కడ ఎవరికి ఏది లేకపోయినా గాలి మాత్రం ఉంటుంది. చిన్నప్పుడు కిటికీలోంచి గోధుమ చేలు వాలి లేవడం చూస్తూ, ఈ గాలికి కాస్త రంగుంటే ఎంత బాగుండునో అనుకునేది. పెద్దయ్యాక కూడా ఆ కోరిక తీరలేదు. కోర్సు రెండో సంవత్సరం వాళ్లది. నేర్పే ముసలి ప్రొఫెసరు ఈ శీతాకాలం రిటైరవుతున్నాడు, ఆయన వెళ్లగానే సొరంగాన్ని విప్పేస్తారట. చేరితే ఈ సెమిస్టరే చేరాలి.

జూలైలో కొత్త పిల్లల్ని తల్లిదండ్రులతో సహా పిలిచి కోర్సులు ఎంచుకోమన్నారు. సలహాదారు ఫిలిస్ కంప్యూటర్ తెర మీద గళ్లు ఒక్కొక్కటే నింపుకుంటూ పోయి, ఒకచోట ఆగిపోయింది.

"అన్నీ బానే ఉన్నాయి తల్లీ. ఈత ఒక్కటి మిగిలింది."

"ఈతా?"

"ఈత రానివాళ్లకి ఇక్కడ డిగ్రీ ఇవ్వరు. పరీక్ష దాటావా, గొడవ లేదు. లేదంటే మొదటి సెమిస్టర్లోనే ఈత క్లాసు. మంగళవారం, గురువారం పొద్దున." ఫిలిస్ కళ్లజోడు పైకి తోసుకుంది. "నీ గాలి సొరంగం కూడా సరిగ్గా అప్పుడే."

"నాకు ఈత వచ్చండీ," అంది కోరా, తడుముకోకుండా.

పక్క కుర్చీలో ఉన్న వాళ్లమ్మ డార్లా తల తిప్పి కూతురి ముఖంలోకి చూసింది. గది దాటగానే అడిగింది.

"ఎక్కడ నేర్చుకున్నావే? గోధుమల్లోనా?"

"మనిషి ఒళ్లు నీళ్లకంటే తేలికమ్మా. లెక్క కట్టాను. తేలతాను."

"నువ్వు కట్టావు సరే. నీళ్లు కూడా కట్టాయా ఆ లెక్క?"

"నవ్వకమ్మా. ఇది పోతే ఇంక ఎప్పటికీ రాదు." డార్లా నవ్వు ఆగిపోయింది.

నిజానికి నవ్వే హక్కు డార్లాకే ఉంది. ఒకప్పుడు వాళ్ల ఊళ్లో పిల్లలందరికీ ఈత నేర్పింది ఆమే. తర్వాత నేలలో నీరు అడుగంటింది. ఊరివాళ్లు సమావేశం పెట్టుకుని, చేతులెత్తి ఓటేసి, ఈతకొలనులో మట్టి పోయించి కార్లు నిలుపుకునే చోటు చేసుకున్నారు. కోరాకి అప్పుడప్పుడే మాటలొస్తున్నాయి. డార్లా ధాన్యం గోదాములో కాటా దగ్గర పనికి కుదిరింది. పక్క ఊళ్లో కొలనుందని ఎవరు చెప్పినా వెళ్లలేదు, నీళ్ల ఊసే ఎత్తలేదు. గాలి ధ్యాసలో పడిన కూతురూ అడగలేదు.

పరీక్ష ఆ రోజే. కాలేజీ ఈతకొలను మీద అద్దాల కప్పు. మధ్యాహ్నపు ఎండ అందులోంచి దిగి నీళ్లలో పడుకుని ఉంది. డార్లా వెళ్లి మెట్ల మీద అన్నిటికంటే పైవరసలో, నీళ్లకి ఎంత దూరం వీలైతే అంత దూరంలో కూర్చుంది.

ఈత మాస్టారు రస్ పొడుగాటి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. "అటు పోయి ఇటు రావాలి. నిలబడకూడదు, గోడ పట్టుకోకూడదు, ఈ కర్ర అసలే పట్టుకోకూడదు. ఎలా ఈదినా నాకు పర్లేదు, ఎంతసేపైనా పర్లేదు."

"దీని మీదే నా గాలి సొరంగం ఆధారపడి ఉంది సార్."

"నాకు నీళ్ల సంగతే తెలుసమ్మా. దూకు."

కోరా దూకింది. లెక్క ఆమెకంటే ముందు మునిగిపోయింది. ముక్కులోకి, నోట్లోకి క్లోరిన్ వాసన నీళ్లు. చేతులకి ఏదీ అందడం లేదు. పైకి తేలినప్పుడల్లా రస్ చాచిన కర్ర ఒక్కటే కనపడుతోంది. పట్టుకుంటే బతుకుతుంది, గాలి సొరంగం పోతుంది. చెయ్యి సగం చాచింది.

"వెల్లకిలా!" పైవరస నుంచి ఒక కేక. "వెల్లకిలా తిరుగు పండూ! చెవులు ముంచు! ఆకాశం చూడు!"

కోరా తిరిగింది. చెవులు మునిగాయి. లోకం మూతపడింది.

ఇదివరకొకసారి ఇలా జరిగింది. ఎప్పుడో తెలియదు, ఎక్కడో తెలియదు, తెల్లటి వెలుగు మాత్రం గుర్తుంది. వెన్ను మధ్యలో ఒక అరచెయ్యి ఉండేది, వేళ్లు విప్పుకుని. నీళ్లలోంచి ఎవరిదో గొంతు, మాటలు కరిగిపోయి రాగం మాత్రం మిగిలిన గొంతు. ఒక క్షణం ఆ చెయ్యి ఉంది, మరుక్షణం లేదు. అయినా తను పడిపోలేదు.

అద్దాల పైన మబ్బులు కదులుతున్నాయి. కదిలేది మబ్బులో తనో తెలియడం లేదు. కాళ్లు వాటంతటవే ఆడుతున్నాయి. నీళ్లు పక్కటెముకలని ఒరుసుకుంటూ, భుజం దగ్గర విడిపోయి, నడుము దగ్గర మళ్లీ కలుస్తున్నాయి. గాలి కనపడితే ఇలాగే ఉంటుంది, అనుకుంది కోరా. ఆమెకి భయం లేదు, తొందర కూడా లేదు. తల మెత్తగా గోడకి తగిలింది. తిరిగింది. వచ్చిన దారినే ఆకాశం చూసుకుంటూ వచ్చింది.

రస్ గట్టు మీద పక్కనే నడిచాడు, మధ్యలో రెండుసార్లు ఆవలించాడు.

"ఇంత నిదానంగా ఈదినవాళ్లని నేను చూళ్లేదు," అన్నాడు. "ఆకులు కూడా నీకంటే ముందొస్తాయి."

"పాసేనా సార్?"

చేతిలోని ట్యాబ్ మీద వేలు నొక్కాడు. "పాసే. ఫిలిస్‌కి చేరిపోయింది. నీ గాలి నీకు దక్కింది పో."

కోరా గట్టు పట్టుకుని లోతు తక్కువ చోటికి జరిగి, నీళ్లలో నిలబడి చూసింది. డార్లా మెట్లన్నీ దిగి గట్టు అంచుకి వచ్చేసి ఉంది, బూట్లు తడిసిపోయాయి.

"నువ్వు నాకు నేర్పావు కదమ్మా."

"రెండుసార్లే నీళ్లలోకి దించానే. మూడోసారి వెళ్తే గేటుకి తాళం. ఊళ్లో పిల్లలందరికీ నేర్పి నా పిల్లకే నేర్పలేకపోయానని ఇన్నేళ్లూ..."

కోరాకి ఏడుపొచ్చింది. మిగతా మినహాయింపులన్నీ తను కష్టపడి సంపాదించుకున్నవి. ఇది అమ్మ ఇచ్చింది, తీసుకున్న సంగతే తనకి తెలియదు.

డార్లా వంగి నీళ్లలో వేళ్లు ముంచింది. తీయలేదు.

"సార్, మా అమ్మకి కూడా పరీక్ష పెట్టండి," అంది కోరా.

"ఆవిడ స్టూడెంట్ కాదు కదమ్మా. పేరెంట్స్‌ని నీళ్లలోకి..." రస్ అంటూండగానే డార్లా బూట్లు విప్పేసింది, కళ్లజోడు ఒక బూటులో పెట్టేసింది. రస్ వెనక్కి తిరిగి గోడ గడియారాన్ని చాలా శ్రద్ధగా చూడసాగాడు.

కట్టుకున్న బట్టలతోనే డార్లా నీళ్లలోకి దిగింది, చప్పుడే కాలేదు. వెల్లకిలా వాలి కళ్లు మూసుకుంది. కోరా దగ్గరికి జరిగి, వేళ్లు విప్పి, తల్లి వెన్ను కింద అరచెయ్యి పెట్టింది.

ఆ చెయ్యి అవసరం డార్లాకి లేదు. అయినా కోరా తీయలేదు.