పక్కచూపుల్లేని మనిషి

భవానీపురంలో భోజనాలయ్యాక ఆడవాళ్ళు కాసేపు నడుం వాలుస్తారు. సయీదా మాత్రం మధ్యాహ్నపు జొహర్ నమాజు చేసుకుని, గిన్నెలు బోర్లించి, ఎడారికి వెళ్ళేది.

వెళ్ళడమంటే ఫోనులోనే. అమెరికాలో ఎర్రరాతి లోయలున్న జాతీయ పార్కుల్లో ఎవరో అడుగడుగునా కెమెరా పెట్టి, నలుదిక్కులా ఫొటోలు తీసి, అన్నిటినీ కలిపి అతికించి నెట్‌లో పెట్టారు. వేలితో జరిపితే మెడ తిప్పినట్టే. నేల మీది బాణం గుర్తు నొక్కితే నాలుగడుగులు ముందుకి. కిందికి చూస్తే మాత్రం మన కాళ్ళుండవు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి ఇంతకంటే మంచి యాత్ర ఏముంటుందని ఆమె అభిప్రాయం.

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. బి.ఏ.లో ఆమె జాగ్రఫీ చదివింది. అగాధదరి అంటే ఏమిటంటే, నది రాతిని కోసుకుంటూ పోగా ఏర్పడే లోతైన లోయ అని పరీక్షలో రాసి వచ్చింది. పుస్తకంలో దాని బొమ్మ మసిగుడ్డలా ఉండేది. రాతిని కోసే నదిని ఆమె ఎప్పుడూ చూడలేదు. తమ కృష్ణమ్మ తెచ్చిపోసే రకం. దివిసీమ దాకా ఒండ్రు పోసుకుంటూ పోతుందే తప్ప ఇంతలేసి గోతులు తవ్వే తీరిక దానికి లేదు. యాభై దాటాక ఆ గోతుల అంచున నిలబడి సయీదా, "అయ్యో, ఐదు మార్కులకా ఇదంతా!" అనుకుంది.

ఆమె భర్త ఇష్తియాక్ కొండపల్లి బొమ్మలు తెచ్చి బెజవాడ కొట్లకి వేస్తాడు. రోజూ స్కూటరు మీద, వెనక అట్టపెట్టెలు కట్టుకుని, హైవే మీద థర్మల్ స్టేషను బూడిద మోసే లారీల మధ్యనుంచి వస్తాడు. ఈమధ్య ఆ స్కూటరుకి గ్రహచారం బాగాలేదు. మొదట గేటుకి గీరుకుంది. తర్వాత అద్దం విరిగింది. మొన్న ఓ అరటిపళ్ళ బండి తగిలి ఆయన మోచెయ్యి చెక్కుకుపోయింది.

"నజర్ తగిలింది వదినా," అంది కింద ఫ్లాటు కనకలక్ష్మి. దిష్టి అనే మాటకి సయీదావాళ్ళింట్లో నజర్ అంటారని తెలిసినప్పటినుంచి ఆవిడ ఆ మాటే వాడుతుంది. "అన్నయ్యగారి లాంటి మనిషికి తగలదా మరి? రోడ్డు మీద నేను పక్కనించి పలకరించినా చూడరు. ఎంతమందికి ఉంటారమ్మా ఇలా పక్కచూపుల్లేని మొగుళ్ళు!"

సయీదా పైకి నవ్వి, లోపల కాస్త గర్వపడింది. ఎండుమిరపకాయలు, ఉప్పు ఆయన చుట్టూ తిప్పి స్టవ్ మీద వేసింది. ఘాటు రాకపోతే నజర్ గట్టిదని లెక్క. ఘాటు రాలేదు. చిమ్నీ తిరుగుతూనే ఉందన్న సంగతి ఆమె కనకలక్ష్మికి చెప్పలేదు.

శుక్రవారం జుమా నమాజు నుంచి వచ్చి, బిర్యానీ తిని, ఇష్తియాక్ సోఫాలో కూలబడ్డాడు. సయీదా తన ఎడారిని టీవీకి ఎక్కించింది.

"చూడండి, బ్రైస్ అంటారు దీన్ని. రాతిస్తంభాలన్నీ మీ బొమ్మల్లా వరసగా లేవూ? రంగులెయ్యడమే తరువాయి."

"ఏముంది, మధ్యలో నాలుగు రాళ్ళు. దీనికేనా రోజూ గంటలు గంటలు?"

నాలుగేమిటి? ఈ చివర్నుంచి ఆ చివరికి వందలున్నాయి. ఈయనకి సౌందర్యమంటే గిట్టదని పెళ్ళైన కొత్తలోనే తెలుసు కాబట్టి ఆమె పట్టించుకోలేదు. బాణాలు నొక్కుకుంటూ కిందికి దిగింది. దారి రెండు గోడల మధ్య ఇరుకైపోయింది. అటూ ఇటూ రాయి, ఎదురుగా చీలికంత వెలుగు.

ఇష్తియాక్ ముందుకి జరిగాడు. "ఇది బావుంది. హాయిగా ఉంది. రోడ్డు మీద పోతున్నట్టే ఉంది."

"ఏ రోడ్డు?"

"కొండపల్లి రోడ్డే."

సయీదా వేలు ఆగిపోయింది. కొండపల్లి రోడ్డు నాలుగు వరసల హైవే. దానికి గోడలెక్కడివి?

మళ్ళీ పై అంచుకి వచ్చింది. బొమ్మని అటూ ఇటూ జరిపి, ఎర్ర కోటు వేసుకుని లోయలోకి తొంగిచూస్తున్న ఒకాయన సరిగ్గా టీవీ కుడి అంచుకి వచ్చేలా నిలిపింది.

"ఏమండీ, ఆ ఎర్రకోటాయన పడిపోయేలా లేడూ?"

"ఎర్రకోటెవరు?"

"మెడ తిప్పకుండా చెప్పండి."

"ఎవరూ లేరు సయీదా. నాతో పరాచికాలా?"

ఆమె బొమ్మని కొద్దికొద్దిగా జరిపింది. ఎర్రకోటు దాదాపు టీవీ మధ్యకి వచ్చేదాకా ఇష్తియాక్ ముఖంలో మార్పు లేదు. అప్పుడు ఉలిక్కిపడ్డాడు. "వీడెక్కణ్ణించి ఊడిపడ్డాడు?"

అరటిపళ్ళ బండి గురించి కూడా మొన్న ఇదే మాటన్నాడు.

నజర్ అంటే దిష్టి. నజర్ అంటే చూపు కూడా. ఒకే మాట. తెలుగులో మాత్రం? దిష్టి పుట్టింది దృష్టిలోంచే కదా. రెండు భాషలూ చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతుంటే, డిగ్రీ చదివిన తను మిరపకాయలు మాడ్చింది.

"నజర్ తగిలిందనుకున్నాను. మీకు తగ్గిందే నజర్," అంది. "ఎన్నాళ్ళనుంచి?"

ఆయన కసురుకున్నాడు. టీవీది తప్పన్నాడు, బిర్యానీ తిన్న మత్తన్నాడు. ఆమె టీవీ కట్టేసి ఎదురుగా కూర్చుంది. కాసేపటికి ఆయన గొంతు తగ్గింది.

"ఏమో. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉంటే కదా తెలిసేది."

నది కోసేటప్పుడు రాయికి కూడా ఇలాగే తెలియదేమో అనిపించింది సయీదాకి.

"మరి బండెలా నడుపుతున్నారు?"

"ముందుపోయే లారీ వెనకే పోతా. అది ఆగితే నేనూ ఆగుతా."

"పక్కనించి వచ్చేవాళ్ళు?"

"వాళ్ళకి కళ్ళున్నాయిగా!"

ఆమెకి నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. "రేపు కంటి డాక్టరు దగ్గరికి పోదాం."

"పోతే బండి ముట్టుకోవద్దంటాడు." ఆయన చేతులకేసి చూసుకున్నాడు. "బండి లేకపోతే నేనేం చెయ్యను? కొండపల్లిలో నన్ను ముఖం చూసి కాదు, హారన్ విని గుర్తుపడతారు. ఇంట్లో కూర్చుని నీతోపాటు రాళ్ళు చూడమంటావా?"

సయీదా ఫోను ఆయన చేతిలో పెట్టి, జరపడం ఎలాగో చూపించింది. ఇష్తియాక్ కళ్ళకి దగ్గరగా పట్టుకుని మెల్లగా వేలితో లాగాడు. స్తంభాలు. ఇంకా స్తంభాలు. వాటి వెనక పైన్ చెట్లు, చెట్ల మీద మంచు, కంచె, కంచె పక్కన బెంచీ, బెంచీ మీద ఇద్దరు ముసలాళ్ళు. మొదలుపెట్టిన చోటికి తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

"ఇంతుందా!" అన్నాడు.

"ఉంది. ఓ మాట అడగనా? లారీ వెనకే పోతూ, పక్కన ఏముందో చూడని మనిషి ఇంకొకడు కూడా అదే రోడ్డు మీద ఉంటే?"

ఆయన ఫోను బోర్లించి పెట్టాడు. సాయంత్రం మగ్రిబ్ అజాన్ వినిపించినప్పుడు లేచి, మసీదుకి నడిచే వెళ్ళాడు.

మర్నాడు కంటి ఆస్పత్రిలో గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఆయన చాలాసేపు కదలకుండా కూర్చుని, "చుక్కలు ఎప్పుడు మొదలుపెడతారమ్మా?" అని పరీక్ష చేస్తున్న అమ్మాయిని అడిగాడు. అవి మొదలై అప్పటికే సగమయ్యాయి.

నీటికాసులు, అంటే గ్లాకోమా అన్నారు డాక్టరుగారు. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో నిలబెట్టుకోవాలి. బండి వద్దు. నడిచేటప్పుడు మెడ తిప్పి అటూ ఇటూ చూడటం అలవాటు చేసుకోవాలి. ఇష్తియాక్ అన్నిటికీ తలూపాడు గానీ, మెడ తిప్పడం దగ్గరే పేచీ పెట్టాడు. వీధిలో అటూ ఇటూ చూసుకుంటూ నడిస్తే జనం ఏమనుకుంటారట!

వారం తర్వాత ఇద్దరూ కొండపల్లి బస్సెక్కారు. సరుకు ఇకమీదట ఆటోలో వేయించాలని, ఆ మాట బొమ్మలవాళ్ళతో తనే స్వయంగా చెప్పుకోవాలని ఆయన పట్టుబట్టాడు. కిటికీ పక్కన కూర్చున్నాడు. మెడకి సిమెంటు పోసినట్టు ఎదుటి సీటునే చూస్తున్నాడు. రోడ్డు మీది హారన్లు వింటూ, పెదవులు బిగించుకుని.

గొల్లపూడి దాటాక సయీదా మామూలుగా అంది, "అబ్బ, రోడ్డు పక్కన ఒంటె పోతోంది."

"ఒంటే? మనూళ్ళోనా?"

"రెండున్నాయి. చిన్నది కూడా."

"అబద్ధం."

"సరే, అబద్ధమే. నాకేం పోయింది?"

ఆయన కాసేపు బిగదీసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా మెడ తిప్పి, కిటికీలోంచి పూర్తిగా బయటికి చూశాడు. ఒంటెలు లేవు. అరటితోటలున్నాయి, తోటల్లో గెలలకి గుడ్డలు చుడుతున్న కూలీలున్నారు. ఆయన అలాగే చూస్తూండిపోయాడు.

"ఇవతలిపక్క ఏముంది?" అన్నాడు కాసేపటికి.

"చెప్పను," అంది సయీదా.