పన్నెండు దాటాక జరిగిన పెళ్లి

నేను ఒక పెళ్లిళ్ల రిజిస్టరును. అలాగని నన్నెవరూ పెళ్లికి పిలవరు. విస్తళ్లు ఎత్తేసి, పందిరి విప్పేసి, చుట్టాలు అలకలతో సహా ఊళ్లకు వెళ్లిపోయాక, ఎక్కడో ఏదో ఆఫీసులో ఎవరో కాగితం అడుగుతారు. అప్పుడు గుర్తొస్తాను. పెళ్లయిందని పెళ్లి చేసుకున్నవాళ్లు చెబితే చాలదు, నేను చెప్పాలి.

నేను పుట్టింది ప్రభుత్వ ముద్రణాలయంలో. ఎర్ర గుడ్డ అట్ట, తోలు వెన్ను. 'ఇందు రెండువందల పుటలు గలవు' అని మొదటి పుటలో ఒక అధికారి ధ్రువీకరించి సంతకం చేశాడు. ఆయన లెక్కపెట్టలేదు. పక్క రిజిస్టర్ల మీద చేస్తూ చేస్తూ ఆ ఊపులో నా మీదా చేసేశాడు. నిజానికి నాకున్నవి నూట తొంభై ఎనిమిదే. ముప్పై నాలుగేళ్లుగా ఈ సంగతి నేనూ బయటపెట్టలేదు. ప్రభుత్వం నమ్మకం మీద నడుస్తుంది, మధ్యలో నేనెందుకు.

అక్కణ్ణించి గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్నంలోని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చాను. ఊరి పేరు చెప్పను, మావాళ్లు నొచ్చుకుంటారు. ఎన్నో చేతులు మారాను. ఒక గుమాస్తా నా మీద కారియరు పెట్టుకుని భోంచేసేవాడు, ఆ సాంబారు మరక ఇప్పటికీ ఉంది. ఒకావిడ మాత్రం చిన్నపిల్లాడి బడిపుస్తకానికి వేసినట్టు నాకు క్యాలెండరు కాగితంతో అట్ట వేసింది. మూడునెలలకే ఆవిణ్ణి బదిలీ చేశారు.

నా దగ్గరికి వచ్చే జంటల్లో, ప్రేమించుకున్నవాళ్లు గుమ్మం వైపు చూస్తూ సంతకం చేస్తారు. పెద్దలు చేసినవాళ్లు గడియారం వైపు చూస్తూ చేస్తారు. నా వైపు చూసేవాళ్లు తక్కువ. పాస్‌పోర్టు కోసమో, రేషను కార్డు కోసమో, క్వార్టర్ల కోసమో వస్తారు. పెళ్లి కోసం వచ్చినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో వచ్చిన వీరభద్రం కూడా క్వార్టర్ల కోసమే వచ్చాడు. ఆయన చక్కెర ఫ్యాక్టరీలో టైమ్ కీపరు. గేటు దగ్గర కూర్చుని, ఏ షిఫ్టులో ఎవడు ఏ నిమిషానికి లోపలికి వచ్చాడో రాయడం ఆయన పని. వెంట కొత్త పెళ్లికూతురు సుభాషిణి. తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని నిలబడింది.

వాళ్లు తెచ్చిన శుభలేఖలో 'మే 2వ తేది బుధవారం రాత్రి 2.40 గంటలకు, తెల్లవారితే గురువారం' అని ఉంది. మన శుభలేఖలన్నీ ఇంతే. పంచాంగానికి సూర్యుడు లేస్తేనే కొత్త రోజు. అందుకని అప్పటి రిజిస్ట్రారు రెండో తారీఖు రాయబోయాడు.

"అది మూడండి," అన్నాడు వీరభద్రం.

"కార్డులో రెండనే ఉందయ్యా."

"రాత్రి రెండూ నలభైకి రెండో తారీఖు ఎక్కడుంటుందండీ? పన్నెండింటికే అయిపోయింది. మా గేటు దగ్గర పన్నెండూ ఒకటికి వచ్చినోడికి నేను మర్నాటి తారీఖే వేస్తానండి."

"పెళ్లికీ షిఫ్టుకీ తేడా లేదా నీకు?"

"టైముకి లేదు కదండీ."

రిజిస్ట్రారుకు భోజనం వేళ దాటిపోతోంది. ఇలాంటివాడితో వాదిస్తే నాలుగో తారీఖు కూడా వచ్చేస్తుందనుకున్నాడో ఏమో, నలభై ఏడో పుటలో 3-5-1990 అని రాసేశాడు. సుభాషిణి గుమాస్తా చూపించిన చోట సంతకం చేసి, గొడుగు మార్చి పట్టుకుంది. ఆ సర్టిఫికెట్టు ఫ్యాక్టరీకి వెళ్లింది. క్వార్టర్లు వచ్చాయి. కాగితం తిరిగి ఇంటికి రాలేదు.

ఈ ఏడాది మాఘమాసంలో వీరభద్రం పోయాడు. లోకం మొత్తానికి వేళలు రాసిన మనిషి, తన ప్రావిడెంట్ ఫండు కాగితాల్లో వారసురాలిగా పెళ్లికి ముందు రాసిన తల్లి పేరు తీసి భార్య పేరు రాయించడం మాత్రం వచ్చే నెల చూద్దామంటూ గడిపేశాడు. తల్లి ఎప్పుడో పోయింది. ఇప్పుడు సుభాషిణికి పింఛను రావాలంటే ఆవిడే భార్య అని నమోదు పత్రం చూపించాలి. అదీ ఏప్రిల్ నెలాఖరులోగా.

ఆవిడ పాత శుభలేఖ పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. దరఖాస్తులో వివాహ తేదీ దగ్గర, శుభలేఖలో చూసి, 2-5-1990 అని రాసింది.

మా గుమాస్తా జోగారావు మంచివాడే. పేర్ల సూచిక ఉంటే వీరభద్రాన్ని నిమిషంలో పట్టేసేవాడు. కాని దాన్ని చెదలు తిన్నాయి. చెదలకు మిగతా పుస్తకాల కంటే పేర్ల పుస్తకమే రుచిగా ఉంటుంది కాబోలు. మిగిలిన దారి నన్ను మొదటి పుట నుంచి వెతకడం. పేర్లు చదవాలంటే కళ్లజోడు పెట్టుకోవాలి. తారీఖులకు వేలు చాలు. జోగారావు తారీఖుల గడి మీద వేలు పెట్టి, రెండు కోసం చూసుకుంటూ కిందికి జారాడు. నలభై ఏడో పుటలో ఆ వేలు వీరభద్రం పక్కనుంచే వెళ్లింది. నాకు ఒళ్లు జలదరించింది. రిజిస్టరుకు ఒళ్లు జలదరిస్తే దుమ్ము లేస్తుంది. జోగారావు తుమ్మి, పుట తిప్పేశాడు.

మూడోసారి ఆవిడ తిరిగి వచ్చినప్పుడు వెంట ఆడబిడ్డ తులసమ్మ కూడా వచ్చింది. వీరభద్రానికి అక్క, డెబ్బై ఏళ్ల మనిషి. కూర్చోమని ఎవరూ చెప్పకముందే బెంచీ మధ్యలో కూర్చుంది.

"రెండుసార్లు చూసేనండమ్మా," అన్నాడు జోగారావు. "రెండో తారీఖు పెళ్లి ఒక్కటీ లేదండి. వేరే ఆఫీసులో చేయించారేమో గుర్తుచేసుకోండి."

"ఈ గదిలోనే అండీ. అప్పుడు ఆ కిటికీకి తలుపు ఉండేది."

"ఆయ్, అది నిజమేనండి. కానీ కాగితం కనబడాలి కదండీ. నమోదు కనబడలేదని లెటరు రాసేను. మేడంగారు సంతకం పెట్టేస్తే, మీరు కోర్టులో ఏదన్నా చూసుకోవచ్చు."

కోర్టంటే ఎన్ని నెలలో అందరికీ తెలుసు. మా సబ్ రిజిస్ట్రారు ప్రమీలారాణి గారి బల్ల మీద ఆ ఉత్తరం ఉంది. ఆవిడ పెన్ను మూత తీసి చదువుతోంది. ఆ సంతకం పడితే, ముప్పై నాలుగేళ్లు ఒకే మనిషికి అన్నం పెట్టిన సుభాషిణి, కాగితం మీద ఆ మనిషికి ఏమీ కాదు. నేను ఆ బల్ల మీదే, ఆ ఉత్తరం పక్కనే, మూసుకుని ఉన్నాను. లోపల అంతా ఉంది. నోరు లేదు.

తులసమ్మకు ఉంది.

"మావాడి పెళ్లిరోజు మావాడికే సరిగ్గా గుర్తుండేది కాదు, మీ పుస్తకానికేం గుర్తుంటుంది," అంది. "ఏటా రెండో తారీఖున ఇది పరమాన్నం వండేది. వాడు మాట్లాడకుండా తినేసి డ్యూటీకి పోయేవాడు. మర్నాడు పూతరేకుల పొట్లం పట్టుకుని నవ్వుకుంటూ వచ్చేవాడు. ఊరందరికీ టైము వేసేవాడు, పెళ్లాం దగ్గరికొచ్చేసరికి ఒక రోజు లేటు. ఏమే, అబద్ధమా?"

సుభాషిణి సంచీ ఒళ్లోకి లాక్కుంది. మెల్లగా అంది. "ఒక ఏడాది నేనూ ఆయన్ని గట్టిగానే అడిగేను వదినా, మీకు ఒక్కసారైనా ఆ రోజుకి గుర్తురాదా అని. గేటు దగ్గర పన్నెండు దాటితే, అని ఏదో మొదలెట్టేరు. మళ్లీ ఫ్యాక్టరీ కబుర్లేనా అని, పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయేను."

"పాలున్నాయా?"

"లేవు."

ఆవిడ సంచీలోంచి శుభలేఖ తీసింది. ఆ వాక్యాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చివరిదాకా చదివింది. తెల్లవారితే గురువారం. లేచి మేడం బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడంగారూ, ఆ సంతకం ఒక్క నిమిషం ఆపండి. మూడో తారీఖు చూడండి. రాయించింది ఆయన. ఆయన గడియారం ప్రకారం రాయించి ఉంటారు."

ప్రమీలారాణి గారు శుభలేఖ చూసింది. పెన్ను మూత పెట్టింది. "జోగారావుగారూ, కళ్లజోడు పెట్టుకుని పేర్లు కూడా చదవండి," అంది.

నలభై ఏడో పుట దగ్గర జోగారావు ఆగిపోయాడు. నన్ను బల్ల అవతలికి తిప్పాడు. సుభాషిణి వంగి చూసింది. 3-5-1990. తన పేరు. పక్కన వీరభద్రం సంతకం, దాని కింద ఎవరూ అడక్కుండానే తనంతట తను వేసిన వేళ, 2.40. ఆవిడ ఆ అంకెల మీద వేలు పెట్టింది. నన్ను చాలామంది ముట్టుకున్నారు గాని, అలా ముట్టుకున్నవాళ్లు లేరు.

"దొరికింది కదండమ్మా, సాయంత్రానికి నకలు ఇచ్చేస్తాం," అంది ప్రమీలారాణి. "రికార్డులో ఏ తారీఖుంటే దరఖాస్తులోనూ అదే ఉండాలి. రెండు కొట్టేసి మూడు వేసి, పక్కన సంతకం పెట్టండి."

సుభాషిణి పెన్ను తీసుకుంది. రెండును అడ్డంగా కొట్టి, పైన మూడు వేసి, తాపీగా పూర్తి పేరు రాసింది.

"ముప్పై నాలుగేళ్లు వాణ్ణి సాధించి, ఇప్పుడు సంతకం పెట్టి మరీ ఒప్పుకుంటున్నావా?" అంది తులసమ్మ.

"ఎదురుగా ఉంటే ఒప్పుకునేదాన్ని కాదు లెండి."

జోగారావు ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. నేను బల్ల మీద తెరుచుకునే ఉన్నాను. ఫ్యాను గాలికి పుటలు కదులుతుంటే, నకలు రాసేదాకా ఉండాలని జోగారావు స్టాంపుల డబ్బా తెచ్చి నా మీద పెట్టాడు. బరువైన డబ్బా. అయినా ఆ రోజు బాగానే ఉంది. నేను ఒక్క మాటా మాట్లాడకుండానే, అడిగినవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పగలిగాను. నాలాంటివాటికి అంతకంటే ఏం కావాలి.

వాళ్లిద్దరూ బయటికి నడిచారు. మెట్ల దగ్గర తులసమ్మ చెయ్యి పట్టుకుని దింపుతూ సుభాషిణి అంటోంది. "వచ్చే నెల మూడో తారీఖున భోజనానికి వచ్చేయండి వదినా. పరమాన్నం వండుతాను."

"మరి రెండున?"

"రెండున ఏముందని?"