టమాటా చేలో ఎర్రగుడ్డ

టమాటా ఆకు వాసన.

ఒక్కసారి చేత్తో రాస్తే చాలు — పచ్చిగా, ఘాటుగా, సబ్బుకి కూడా లొంగదు.

పొద్దున్నే గట్టు మీద నిలబడి సత్యదుర్గారావు అరచెయ్యి వాసన చూసుకున్నాడు. నిన్న పుచ్చిన కాయలు ఏరిన చెయ్యి అది. ఎదురుగా గోదావరి లంకలో తన చేను. తొలికోతకొచ్చిన కాయలు. మూలనున్న కర్రకి ఎర్రగుడ్డ ఎగురుతోంది.

ఆ గుడ్డ కట్టింది భార్య సువర్ణ. మందు కొట్టాం, ఎవరూ కాయ తెంపొద్దని దానర్థం.

సువర్ణ మందు కొట్టడం చూసి తీరాలి!

పురుగు కనబడగానే డబ్బా పట్టుకుని పరిగెత్తే మనిషి కాదు. ముందు, పురుగు అటు మళ్లాలని చేను చుట్టూ బంతిమొక్కలు నాటింది. రోజూ పుచ్చిన కాయలు ఏరించి పాతిపెట్టించింది. అయినా పురుగు కాయ తొలుస్తూనే ఉంది… అప్పుడు తీసింది మందు. సీసా మీద రాసినంతే కొలిచింది. నిన్న సాయంత్రం తేనెటీగలు గూటికి పోయేదాకా ఆగింది. ముక్కుకి తువ్వాలు కట్టి, గాలిని వీపుకి పెట్టుకుని — సాలు వెంట సాలు, సాలు వెంట సాలు. దుర్గారావు నోరు తెరుచుకుని చూశాడు.

చూసి ఊరుకుంటే బాగుండేది. ఆ సంబరంలో ఫోనెత్తి, పొద్దున్నే కాయ ఇస్తానని వ్యాపారికి మాటిచ్చేశాడు. మాటివ్వడంలో ఆయనకి ముందూ వెనకా ఉండదు.

వేన్ వచ్చింది.

"గుడ్డెట్టి తుడిచేస్తే మందు పోద్దండి. ఇయ్యాళ ఇవ్వకపోతే మళ్లీ ఈ లంకలోకి రానండి," అన్నాడు వ్యాపారి.

సువర్ణ అతన్నొదిలేసి మొగుడి వైపు తిరిగింది. వాళ్లింట్లో తొలికోత కాయ ముందు ఇంటి పప్పులో పడాలి. ఆ తర్వాతే అమ్మకం. అత్తగారు వెంకటరమణమ్మ పెట్టిన ఆచారం అది.

"ఏవండీ, ఇయ్యాళ కోసి అత్తయ్యగారికి పప్పు వండమంటారా?"

దుర్గారావు తల అడ్డంగా ఊపాడు.

"మరి ఊళ్లోవాళ్లకెలా పెడతామండీ?"

వేన్ ఖాళీగా వెళ్లిపోయింది.

దుర్గారావుకి సిగ్గేసింది. అంతకు మించి, ఈ మనిషి నా మనిషి అని గుండె నిండిపోయింది.

మందు కొట్టాక కొయ్యకుండా ఆగాలని సీసా మీద రాసిన గడువు ఇంకా తీరలేదు. కాయలు మాత్రం ఆగడం లేదు — ఎర్రబడుతూనే ఉన్నాయి. ఏటి అవతల మబ్బు పట్టింది. వానొస్తే పగిలిపోతాయి. ఇంకో వేన్ వస్తుందో, రాదో…

సువర్ణ వెళ్లి ఎర్రగుడ్డ ముడి ఇంకాస్త బిగించింది.

కాలి దగ్గర ఓ కాయ నిగనిగలాడుతోంది. దుర్గారావు వంగాడు. చెయ్యి చాపాడు. వెనక్కి తీసుకున్నాడు.

అరచేతిలో ఇంకా అదే వాసన — పచ్చిగా, ఘాటుగా…