ఏడుపు ఆగిన గురువారం

వ్యాపారం మొదలుపెట్టిన నాడు మాబేలే చేతిలో ఉన్నవి ఒక కిరసనాయిలు పొయ్యి, ఒక మూకుడు, బస్తా పిండి, వీధంతా వినబడే గొంతు. ఆ గొంతు కూడా సరుకేనని అప్పటికి ఆమెకు తెలియదు.

నల్లవాళ్ళ పేట న్యూ బ్రైటన్‌లో ఆడవాళ్ళ ప్రార్థన గురువారం. దొరసానుల ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు ఆ పూటే సెలవు. ఎర్ర రవికెలు తొడుక్కుని మాబేలే ఇంటికి వచ్చి పాడతారు, గుండెలు బాదుకుని ఏడుస్తారు. ఆ ఏడుపు వినబడే ఇంట్లోకి పోలీసు కూడా అడుగుపెట్టడు.

అందుకే చెల్లెలి కూతురు నోసిసా సర్కారు నిషేధించిన పుస్తకాన్ని ఆ ఇంటికే తెచ్చింది. ఒంటి రంగుకు వెలకట్టే తెల్లవాళ్ళ పాలన గురించి, ఆడదాని చాకిరీ గురించి రాసిన పుస్తకం. దాన్ని విడగొట్టి కీర్తనల పుస్తకాల్లో దాచారు.

"దీంతో కడుపు నిండుతుందటే?" అంది మాబేలే.

"చదివితే ఆకలెక్కువ పెద్దమ్మా. నీ బోండాలన్నీ ఖర్చవుతాయి."

"అట్లా చెప్పు. పట్టుబడ్డావో, నువ్వెవరో నేనెరగను."

బేరం కుదిరింది. లోపల నోసిసా చదువుతుంటే, గుమ్మంలో మాబేలే బోండాలు వేయిస్తూ పదిమంది పెట్టు పాడాలి, ఏడవాలి. తన గోలలో పుస్తకం ఒక్క ముక్కా ఆమె చెవిన పడేది కాదు.

ఒక గురువారం ఊపిరి తీసుకోవడానికి ఆగింది. లోపల చాకలిపని చేసే ఆడమనిషి గురించి చదువుతున్నారు. ఊరి మురికంతా ఉతికిన చేతులకు ఆ ఊళ్ళో నిలువ నీడ లేదట. మాబేలేకు తల్లి చేతులు కళ్ళలో మెదిలాయి. పాట మరిచిపోయింది. వీధిలోకి నూనె చిటపట ఒక్కటే వినిపించింది.

ఎదురింటి కానిస్టేబులు మ్లామ్లీ వచ్చి నిలబడ్డాడు.

"అత్తా, మా అమ్మా ఇదే రవికె తొడిగేది. ఆవిడ ఏడిస్తే వీధి చివరి కుక్కలు లేచేవి. మీ దేవుడికి ఇవాళ చెవినొప్పా?"

"గొంతు పోయిందిరా నాయనా. బోండా తిను."

బోండా తీసుకున్నాడు. లోపలికెళ్ళి నోసిసా చేతిలోని కీర్తనల పుస్తకమూ తీసుకున్నాడు.

"ఈ ముసలిది బోండాలమ్ముకునేది. నేనెవరో దానికి తెలీదు," అంది నోసిసా.

బేరం ప్రకారమే అంది. మాబేలే మూకుట్లో బోండాలు తిప్పింది.

చలికాలంలో జైలు నుంచి నోసిసా ఎర్ర రవికె ఒక్కటే తిరిగొచ్చింది.

ఇప్పుడు గురువారాలు ఎవరూ రారు. గిరాకీ పోయింది, పిల్ల పోయింది. ఆనాడు విన్న ఆ చాకలిదాని ముక్క మాత్రం పొల్లుపోకుండా మిగిలింది. దాన్ని కీర్తన రాగంలో ఏడుస్తూ పాడుతుంది. ఎదురింటి మ్లామ్లీ ప్రార్థనే అనుకుంటాడు.