పదకొండేళ్ల ఫోను

రాయగడ మెయిన్ రోడ్డులో రమణమూర్తి సెల్‌ఫోన్ల దుకాణం ఉదయం పదింటికి తెరుచుకుంటుంది. షట్టరు లేపి, అగరువత్తి వెలిగించి, గాజు బల్ల తుడిచే వేళకు అతని తల్లి కమలాంబ లోపలి గదిలోంచి వచ్చి, గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటుంది. కాఫీ తాగి, ఎడమ చెవి మీద పడిన నెరిసిన జుట్టును వెనక్కి తోసుకుంటుంది. ఆ తరువాతే బేరాలు మొదలవుతాయి.

ఒకప్పుడు ఆ ఇంటిది చింతపండు వ్యాపారం. కోడలుగా వచ్చిన ఏడాదే కమలాంబ, బోరిగుమ్మ సంత నుంచి వచ్చిన చింతపండులో ఒక ముద్ద తీసి చెవి దగ్గర పెట్టుకుని, అది ఎన్ని నెలలకు నల్లబడుతుందో చెప్పింది. చెప్పినట్టే నల్లబడింది. మామగారు ఆశ్చర్యపోలేదు. ఏ బస్తా ముందు అమ్మాలో, ఏది దాచాలో ఆమెను అడగడం మొదలుపెట్టారు, అంతే. చింతపండు పోయి చైనా కంపెనీల ఫోన్లు వచ్చాక, ఆమె ఫోన్లను చెవికి పెట్టుకుంటోంది. పెట్టె మీద రమణమూర్తి పెన్నుతో ఆయుష్షు రాస్తాడు: రెండేళ్ల ఏడు నెలలు, మూడేళ్లు, ఏడాదిన్నర. కకిరిగుమ్మ నుంచి రైలెక్కి వచ్చేవాళ్లు కూడా ముందు ఆ అంకె చూసి, తరువాతే రంగు చూస్తారు.

సరుకు మంచిదా అన్న ప్రశ్నకు ఆ కుటుంబం ఎరిగిన జవాబు ఒక్కటే: ఎంతకాలం నిలుస్తుంది? చింతపండు విషయంలో ఆ జవాబు చాలు. ఫోను విషయంలో చాలునా అని ఎవరూ ఆలోచించినట్టు లేదు. మనిషి ఒకసారి అలవాటుపడిన కొలతను అంత తేలికగా వదులుకోడు.

జూలైలో ఒక ఉదయం జేకేపూర్ నుంచి దుర్గారావు తన కూతురు బిందుశ్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. కాగితం మిల్లులో కాంట్రాక్టు కూలీ. భార్య పోయాక ఇంట్లో తండ్రీకూతుళ్లిద్దరే. బిందుశ్రీ నర్సింగు ప్రవేశ పరీక్ష రాసింది. ర్యాంకు వచ్చింది. బరంపురంలో సీటు కేటాయిస్తే ఫోనుకు సందేశం వస్తుంది. ఇంకెక్కడ చూడాలన్నా ఆ నంబరుకే వచ్చే ఓటీపీ కావాలి. నలభై ఎనిమిది గంటల్లో ఒప్పుకుంటున్నట్టు తెలపాలి, లేకపోతే ఆ సీటు తరువాతి వాళ్లకు పోతుంది. వాళ్ల పాత ఫోను తెర ఆ వారమే నల్లబడిపోయింది.

ఆమె చేతిలో నాలుగు మడతల కాగితం ఉంది.

"ఏటమ్మీ, సంతకెళ్లినట్టు సరుకుల సీటీ రాసుకొచ్చేవు?" అన్నాడు రమణమూర్తి నవ్వుతూ.

"పదిహేను వేల లోపల్లో తెర పెద్దది గావాలండి. పుస్తకాలన్నీ అందులోనే సదవాల. ఎండలోనూ అగపడాల. ఇంకా ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో సెప్పండి."

మూడు ఫోన్లు బల్ల మీదకు వచ్చాయి. బిందుశ్రీ ఒక్కొక్కటీ వీధిలోకి తీసుకెళ్లి ఎండలో పట్టుకుంది. మనిషి గుండె బొమ్మ తెరిచి, వేళ్లతో పెద్దది చేసి, రక్తనాళాల పేర్లు చదివింది. చాలాసేపటికి ఆకుపచ్చ రంగుదాన్ని ముందుకు జరిపింది. దాని తెరలో అక్షరాలు కంటికి చల్లగా ఉన్నాయి. నీలం రంగు ఫోను తెర పెద్దదే గాని, ఎండలో వెలవెలబోయింది. చేతిలో త్వరగా వేడెక్కింది కూడా.

కమలాంబ మూడింటినీ చెవికి పెట్టుకుంది. ఆకుపచ్చదానికి మూడేళ్లు. నల్లదానికి రెండేళ్లు. నీలందాన్ని చాలాసేపు విన్నది, రెండో చెవికి మార్చి మళ్లీ విన్నది.

"పదకొండేళ్లు," అంది.

పెట్టె మీద రాయబోయిన రమణమూర్తి తల ఎత్తి చూశాడు. ఆ అంకె అంతకుముందు ఎవరూ విన్నది కాదు.

"పదకొండేళ్లా?" దుర్గారావు బల్ల మీదకు వంగాడు. "సావుకారమ్మా, అదే ఇప్పించండి."

"నాన్నా, అది ఎండలో అగపడదు."

"నీడలో సదువు. మూడేళ్లకి సచ్చేదాన్ని కొనడానికి నాకేటి మిల్లుందా?"

కొత్త ఫోనులో సిమ్ము వేశారు. ఇంటికి రాగానే దుర్గారావు దాన్ని ఆపేసి, పైనున్న పల్చటి పొర ఊడదీయకుండానే తువ్వాలులో చుట్టి, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

"అదేటి నాన్నా! సదువుకోడానికి గదా కొన్నాం?"

"ముందు సీటు రానీ. అప్పుడు తీద్దుం."

"సీటు అందులోకే వస్తాది!"

"వస్తే ఎక్కడికి పోద్దమ్మీ? పదకొండేళ్లుంటాది గదా ఫోను."

ఆమె ఏడ్చింది, అన్నం మానేసింది, చుట్టుపక్కలవాళ్ల చేత చెప్పించింది. దుర్గారావు కఠినుడు కాడు. జీవితంలో తన చేతికి వచ్చిన ప్రతి వస్తువూ త్వరగా పాడైపోవడమే చూసినవాడు. నిలిచే వస్తువు మొదటిసారి చేతికి వచ్చేసరికి, దాన్ని తాకడానికే అతనికి భయం వేసింది. ఆ భయాన్నే జాగ్రత్త అనుకున్నాడు.

ఫోను కొన్నాక మూడో ఆదివారం ఎదురింటి శంకరరావుకు చూపించడానికి పెట్టె తెరిచాడు. కొన్న రోజు తరువాత మొదటిసారి ఫోను వెలిగించాడు. కాసేపు తెల్లగా మెరిసి, తెర నిండా ఒక సందేశం పరుచుకుంది.

"సూడు శంకరరావూ, అచ్చరాలు ఎంతెంతలేసి ఉన్నాయో! కళ్లజోడు లేకుండా సదివీవచ్చు."

"అవును మావా, గొప్పగుంది," అన్నాడు శంకరరావు. "ఏటి రాసుంది?"

బిందుశ్రీ వాళ్ల భుజాల మీదుగా చదివింది. బరంపురంలో సీటు వచ్చింది. గడువు ముందురోజు మధ్యాహ్నంతో ముగిసింది.

తండ్రికి అర్థమయ్యేలా చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక అతను తల దించుకుని కూర్చున్నాడు. తరువాత లేచి, ఫోను ఆపేసి, తువ్వాలులో చుట్టాడు.

"వచ్చే ఏడు మళ్లీ రాద్దువులే. ఫోనెక్కడికీ పోదు," అన్నాడు.

సోమవారం మధ్యాహ్నం ఆమె రాయగడ వచ్చి కమలాంబ కుర్చీ ముందు నిలబడింది.

"మామ్మగారూ, ఆ రోజు ఫోనులో మీకేటి వినబడింది?"

"ఏటీ వినబడలేదమ్మీ."

"ఒక్క రింగూ నేదా?"

"నేదు. మిగతావాటిలో మాటలు, నవ్వులు, తగువులు, కింద పడ్డ సప్పుడు, అన్నీ ఉంటాయి. వాడేవి గనక అరుగుతాయి. నీదాంట్లో తాళం ఏసిన గదిలో ఉన్నట్టు సద్దే నేదు."

"తెలిసీ సెప్పలేదేటి?"

కమలాంబ ఆమెను కాస్త విసుగ్గా చూసింది. "మీ నాన్న ఎన్నేళ్లని అడిగేడు, సెప్పేను. అడగనిదానికి నోరు సేసుకుంటే యాపారం సాగుద్దా?"

"పాపం, అంత దూరం వచ్చేవు," అన్నాడు రమణమూర్తి. "తెరకి గాజు అంటిస్తాను, ఊరికే. ఫోను తెచ్చేవా?"

ఆమె జేకేపూర్ ఆటో ఎక్కింది. ఇంటికి వచ్చి, సన్నికల్లు మీది పొత్రం అందుకుంది. ఇనప్పెట్టె తాళం ఒక్క దెబ్బకే విరిగింది. తువ్వాలు విప్పి, ఫోనును గడప రాతి మీద పెట్టి, రెండు చేతులా పొత్రం ఎత్తి కొట్టింది. ఒకసారి కాదు. ఎన్నిసార్లో ఆమె లెక్కపెట్టలేదు. ఆఖరి దెబ్బకు పొత్రం అంచు పగిలి, ఆ ముక్క ఆమె కుడి అరచేతిని నిలువునా చీల్చింది. ఫోను మీద పొర కూడా నలగలేదు.

అప్పుడే దుర్గారావు పగటి డ్యూటీ దిగి వచ్చాడు. విరిగిన తాళం చూశాడు, గడప మీది ఫోను చూశాడు. పరుగున వచ్చి దాన్ని తీసి, చొక్కాతో తుడిచి, వెలుతురుకు తిప్పి నాలుగు మూలలూ పరీక్షించాడు. అతని ముఖం మెల్లగా వికసించింది.

"శంకరరావూ! ఇలారా, సూడు! పొత్రం పగిలింది గానీ దీనికి గీత పడలేదు!"

బిందుశ్రీ మణికట్టు పట్టుకుని అతని పక్కనే నిలబడి ఉంది. రక్తం మోచేతి దాకా కారి అక్కడ చుక్కకట్టింది. ఆ చుక్క తెర మీద పడుతుందేమోనని, దుర్గారావు ఫోనును కాస్త పక్కకు జరుపుకున్నాడు.